సంచి మీద బొమ్మ చూసి విత్తనం కొంటామా? (కెనడా చదువు గురించి నాలుగు మాటలు)



చేలో శనగ కాయ గట్టిపడతా ఉంది. ఇంకో ఇరవై రోజుల్లో కోత. మందు కొట్టే పనులు అయిపోయినయ్, కాస్త తీరిక దొరికింది. రెండు రాత్రులు కూర్చుని ఇది రాశా. కొంచెం పొడుగే. కానీ పిల్లల్ని కెనడా పంపడానికి పొలం బేరం పెట్టే ఆలోచనలో ఉన్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

మా అమ్మాయి బాపట్లలో ఏజీ బీఎస్సీ చేసింది. పైచదువు కెనడాలో చేస్తానంటది. పంటల్లో కొత్త రకాలు తయారు చేసే చదువు, ప్లాంట్ బ్రీడింగ్. ఆ మాట వినగానే మా బావమరిది అరుగు మీదే అన్నాడు: "వాళ్ళ బఠాణీ వచ్చి మన శనగ ధర పడగొడతా ఉంటే, ఆ దేశానికే పిల్లని పంపుతావా బావా?"

ఆయన మాట తీసిపారేసేది కాదు. 2017 నవంబరులో మన ప్రభుత్వం పసుపు బఠాణీ మీద 50 శాతం దిగుమతి సుంకం వేసింది. 2023 డిసెంబరులో ఆ సుంకం పూర్తిగా ఎత్తేసింది. కెనడా, రష్యాల బఠాణీ ఓడల మీద దిగింది. శనగపిండి వాడే చోట బఠాణీ పిండి కలిసిపోద్దని మనందరికీ తెలుసు. మనమేమో కోల్డ్ స్టోరేజీలో పెట్టిన బస్తాలకి అద్దె కట్టుకుంటా కూర్చున్నాం. 2025 నవంబరు నుంచి మళ్ళీ 30 శాతం సుంకం వేశారు. అప్పటికే చాలామంది వచ్చిన ధరకి అమ్ముకున్నారు. అందులో నేనూ ఒకణ్ణి.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు అమ్మాయిని అడిగా, "మంచు దేశం గదమ్మా, వాళ్ళకి ఈ పప్పుల పంట ఎక్కడిది?" అని. అది చెప్పింది విన్నాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

సస్కాచెవాన్ అని అక్కడో రాష్ట్రం. ఒకప్పుడు వాళ్ళది గోధుమ మీద బతుకు. 1970 ప్రాంతంలో గోధుమ అమ్ముడుపోక నిల్వలు పేరుకుపోయినయ్. వేరే పంట కావాలి. 1971లో సస్కటూన్ ఊళ్ళో ఉన్న సస్కాచెవాన్ యూనివర్సిటీలో పంటల అభివృద్ధి కేంద్రం పెట్టారు. ఆ మరుసటేడు ఆల్ స్లింకార్డ్ అనే శాస్త్రవేత్త వచ్చి పప్పుధాన్యాల మీద పనికి దిగాడు. 1978లో ఆయన లెయిర్డ్ అనే మసూర్ రకం ఇచ్చాడు. మసూర్ అంటే మనం మైసూరు పప్పు అంటామే, ఎర్రపప్పు, అది. ఈ రోజు మసూర్ ఎగుమతిలో ప్రపంచంలో ముందున్నది కెనడా. కొనేవాళ్ళలో పెద్దవాళ్ళం మనం. ఇంకో సంగతి. అక్కడి రైతులు తాము అమ్మిన పప్పుధాన్యం విలువలో చిన్న వాటా లెవీగా కడతారు. ఆ డబ్బు రైతుల సంఘం ద్వారా ఇలాంటి పరిశోధనకి పోద్ది. అంటే ప్రొఫెసరు జవాబు చెప్పుకోవాల్సిన వాళ్ళలో రైతు కూడా ఉన్నాడు.

మన వైపు కూడా ఇలాంటి పని లేకపోలేదు. నా చేలో ఉన్న జేజీ-11 పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ యూనివర్సిటీ కలిసి తెచ్చిన రకం. 2013లో శనగ జన్యు పటం మొదటిసారి బయటపెట్టిన అంతర్జాతీయ బృందాన్ని నడిపించిన వాటిలో ఇక్రిశాట్ ముందుంది. ఆ పటం గీయడానికి తీసుకున్న శనగ రకం సీడీసీ ఫ్రాంటియర్, అది సస్కటూన్‌లో పుట్టిన కాబూలీ రకం. మన పటాన్‌చెరుకీ ఆ మంచు ఊరికీ మధ్య ఇట్లాంటి దారి ఒకటి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

మా బావమరిదికి నేను చెప్పిన జవాబు ఇదే. మన ధర పడగొట్టిన పంట ఒక యూనివర్సిటీలో పుట్టింది. మన పిల్ల అక్కడికి కూలి పనికి పోవడం లేదు, ఆ పని ఎట్లా చేస్తారో నేర్చుకోవడానికి పోతంది. కాకపోతే పోవాల్సిన చోటికి పోవాల. ఇక్కడే అందరం తప్పు చేస్తన్నాం.

కెనడా అనగానే మనవాళ్ళు దేశాన్ని ఎంచుకుంటారు. తర్వాత చుట్టాలున్న ఊరు చూస్తారు. తర్వాత వీసా తొందరగా ఎక్కడికి వస్తదో చూస్తారు. ఏం చదువు, ఎవరి దగ్గర అనేది చివరికి మిగులుద్ది, అది కూడా ఏజెంటు చెప్తాడు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా తిరకాసు. మొదట గైడ్‌ని చూడండి, తర్వాత ఆ సీటుకి డబ్బు ఎవరిస్తారో చూడండి, యూనివర్సిటీ పేరు ఆ తర్వాత.

మేం కూడా ఒంగోలులో ఒక కన్సల్టెన్సీకి పోయాం. ఏసీ గది, గోడల నిండా మంచు కొండల బొమ్మలు. అమ్మాయి మార్కులు చూడకముందే "పొలం ఎంతుందండీ?" అనడిగాడు. ఆరెకరాలన్నా. మూడు పేర్లున్న కాగితం ముందు పెట్టాడు. ఒకటి రెండేళ్ళ డిప్లొమా, రెండు థీసిస్ లేని మాస్టర్స్. మా అమ్మాయి థీసిస్ కోర్సు గురించి అడిగింది. "అవన్నీ టైం వేస్టమ్మా, ప్రొఫెసర్లు రిప్లై ఇవ్వరు" అన్నాడు. బయటికొచ్చాక అమ్మాయి అంది, "నాన్నా, ప్రొఫెసర్ ఇచ్చే సీటులో ఆయనకి పనేం ఉండదు, అందుకే వద్దంటన్నాడు" అని. నాకు వెంటనే విత్తనాల కొట్టు గుర్తొచ్చింది. కొట్టువాడు చేతిలో పెట్టే సంచి మన నేలకి సరిపడేదా, వాడికి మార్జిన్ ఎక్కువ వచ్చేదా అని ఇన్నేళ్ళుగా అనుమానంగా చూస్తన్నాం గదా. సంచి మీద బొమ్మ ఎప్పుడూ బాగానే ఉంటది. లాట్ నంబరు చూడాల, మొలక శాతం చూడాల, ఎవరు చేసిన విత్తనమో చూడాల.

మా ఊళ్ళో ఒక పిల్లాడి సంగతి చెప్తా. పేరు, ఇల్లు చెప్పను, వాళ్ళ బాధ వాళ్ళకి చాలు. 2024 సెప్టెంబరులో టొరంటో దగ్గర ఒక కాలేజీలో డిప్లొమాకి పోయాడు. ఎకరన్నర అమ్మారు. బోర్డు మీద ప్రభుత్వ కాలేజీ పేరు, లోపల పాఠాలు చెప్పేది ప్రైవేటు వాళ్ళు. అట్లాంటి కోర్సుల్లో 2024 మే 15 నుంచి చేరినవాళ్ళకి చదువయ్యాక వర్క్ పర్మిట్ రాదని కెనడా ప్రభుత్వం ముందే చెప్పింది. ఏజెంటు ఆ మాట చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. ఇప్పుడు ఆ పిల్లాడు గిడ్డంగిలో రాత్రి షిఫ్టు చేస్తా, చదువయ్యాక ఏం చేయాలో తెలియక ఉన్నాడు. వాళ్ళ నాన్న నాతో చెప్పేటప్పుడు పొలం పోయిందని ఏడవలేదు. "పిల్లాడు ఫోన్లో నవ్వడం మానేశాడురా" అని ఏడ్చాడు.

అందుకని, మా అమ్మాయి చెప్పగా, నేను అడిగి తెలుసుకున్నంతలో, కొన్ని విషయాలు వరసగా రాస్తన్నా.

ఒకటి. మాస్టర్స్ అంటే అన్నీ ఒకటి కాదు. ఒక రకం కోర్సులు మాత్రమే ఉండేది, ఫీజు కట్టి పాఠాలు విని పరీక్షలు రాసేది. రెండో రకం థీసిస్‌తో చేసేది. దీంట్లో ఒక ప్రొఫెసరు నిన్ను తన దగ్గర పెట్టుకోవడానికి ఒప్పుకోవాల. ఆయనకున్న పరిశోధన గ్రాంటులోంచో, పాఠాలు చెప్పే సాయానికో నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. చాలా యూనివర్సిటీల్లో ఈ రెండో రకం ఫీజు కూడా తక్కువ. మొదటి రకం చెడ్డదని నేననను. ఉద్యోగం చేస్తా నైపుణ్యం పెంచుకునేవాళ్ళకి, చేతిలో డబ్బున్నవాళ్ళకి అది సరిపోద్ది. ఆరెకరాల రైతు కూతురికి మాత్రం రెండోదే దారి.

రెండు. పేరు చూసి మోసపోవద్దు. కెనడాలో పెద్ద పరిశోధన యూనివర్సిటీలు 15 కలిసి యూ-15 అని ఒక కూటమిగా ఉన్నాయి. టొరంటో, మెగిల్, బ్రిటిష్ కొలంబియా ర్యాంకుల్లో ముందుంటాయి. వాటి గొప్ప వాటిదే. షుగరు ఉన్నవాళ్ళు వేసుకునే ఇన్సులిన్ 1921, 22ల్లో టొరంటోలో దొరికిందే, మా అమ్మ బతికినన్నాళ్ళూ దాని మీదే బతికింది. కానీ పంటల చదువుకి ఆ ర్యాంకు ఏం చెప్పదు. గ్వెల్ఫ్ యూనివర్సిటీ ఆ 15లో లేదు. అక్కడి వ్యవసాయ కాలేజీ 1874 నాటిది. సస్కాచెవాన్ ఆ 15లో ఉంది కానీ ర్యాంకుల పట్టికలో టొరంటో కంటే బాగా కింద ఉంటది. ఇప్పుడు ప్రపంచమంతా వాడే కనోలా నూనె పంటని 1970ల్లో తయారుచేసిన ఇద్దరిలో బాల్డర్ స్టెఫాన్సన్ మానిటోబా యూనివర్సిటీ ఆయన, కీత్ డౌనీ సస్కటూన్‌లో ప్రభుత్వ పరిశోధన కేంద్రం ఆయన. మన పిల్లల్లో ఎంతమందికి మానిటోబా పేరు తెలుసు? యూనివర్సిటీ ర్యాంకు వేరు, మన సబ్జెక్టులో దాని బలం వేరు. కంప్యూటర్లు చదివేవాళ్ళకి వాటర్లూ, టొరంటో, మాంట్రియల్, ఆల్బర్టాలు ముందుకొస్తాయి. ఎవరి సబ్జెక్టుకి వాళ్ళు వెతుక్కోవాల.

మూడు. గైడ్ గురించి విచారించండి. సంబంధం చూసేటప్పుడు ఊరంతా విచారిస్తాం గదా, అట్లాగే. ఆయన ఈ రెండు మూడేళ్ళలో ఏం రాశాడు, ఆయన దగ్గర ఎంతమంది చదువుతున్నారు, బయటికొచ్చినవాళ్ళు ఎక్కడున్నారు. అక్కడ చదివే పిల్లలకే రాసి అడగండి: వారానికొకసారైనా కూర్చుని మాట్లాడతాడా, రెండేళ్ళ చదువు మూడేళ్ళు సాగదీస్తాడా, ఫీజు పోను చేతికి ఎంత మిగులుద్ది. బయటి దేశం పిల్ల గైడ్‌తో గొడవపడితే చదువూ, పర్మిటూ రెండూ చిక్కులో పడతాయి. మంచి ప్రయోగశాలలో చెడ్డ గైడ్ ఉండొచ్చు. చిన్న ఊళ్ళో దేవుడి లాంటి గైడ్ ఉండొచ్చు.

నాలుగు. డబ్బు లెక్క ముందే వేసుకోండి. 2025 సెప్టెంబరు 1 నుంచి స్టడీ పర్మిట్‌కి ఒక్క మనిషి ఖర్చు కోసం 22,895 కెనడా డాలర్లు చూపించాల. మన డబ్బుల్లో 14 లక్షల దాకా. క్యూబెక్ రాష్ట్రం లెక్క వేరు. ఫీజూ, టికెట్టూ దీనికి అదనం. 2023 చివరిదాకా ఇది 10 వేల డాలర్లే ఉండేది, పాత లెక్కలు చెప్పేవాళ్ళని నమ్మొద్దు. యూనివర్సిటీ ఇచ్చే స్టైపెండ్ ఉత్తరం ఉంటే దాన్ని కూడా లెక్కలో చూపించొచ్చు. బ్యాంకులు చదువు అప్పుకి ఇల్లో ప్లాటో అడుగుతాయి, వ్యవసాయ భూమిని మామూలుగా తాకట్టు పెట్టుకోవు. అందుకే మన దగ్గర అప్పు అనే మాట చివరికి పొలం అమ్మడం దగ్గరికో, మూడు రూపాయల వడ్డీ దగ్గరికో పోయి తేలుద్ది. వారానికి 24 గంటలు బయట పని చేసుకోవచ్చు గదా అంటారు. అది చేతి ఖర్చుకి. దాంతో ఫీజు కట్టొచ్చని చెప్పేవాడు మీ మేలు కోరేవాడు కాదు.

ఐదు. రూల్సు మారతా ఉంటాయి. 2024 జనవరిలో విదేశీ విద్యార్థుల సంఖ్యకి కెనడా కోటా పెట్టింది. 2026 జనవరి నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లో మాస్టర్స్, పీహెచ్‌డీకి పోయేవాళ్ళని ఆ కోటా నుంచి తప్పించారు. 2024 ఫిబ్రవరి నుంచి మాస్టర్స్ రెండేళ్ళ కన్నా తక్కువదైనా మూడేళ్ళ వర్క్ పర్మిట్‌కి అర్హత ఇచ్చారు. అంటే ఆ దేశం ఎవరు కావాలనుకుంటుందో దాని రూల్సే చెప్తన్నాయి. డిప్లొమాల దారి ఇరుకు చేసి, పరిశోధన దారి తెరిచి పెట్టింది. దొంగ అడ్మిషన్ లెటర్ల గొడవ తర్వాత 2023 డిసెంబరు నుంచి ప్రతి లెటర్‌నీ ఆ కాలేజీతోనే సరిచూసుకుంటున్నారు. ఇవన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. మా అమ్మాయి ఫోన్లో చూపించింది, ఇంటర్ చదివిన నాకే అర్థమైంది.

ఇక మా ఇంటి సంగతి.

అమ్మాయి పోయిన ఆరు నెలల్లో పద్నాలుగు మంది ప్రొఫెసర్లకి రాసింది. తొమ్మిది మంది బదులివ్వలేదు. ముగ్గురు ఈ ఏడు గ్రాంటు లేదన్నారు. ఒకాయన వచ్చే ఏడు మొదట్లో మళ్ళీ రాయమన్నాడు. ఒకావిడ మాత్రం వీడియోలో అరగంట మాట్లాడింది. నేను పక్క గదిలో మంచం మీద కూర్చుని విన్నా, ఇంగ్లీషు సగం అర్థమైంది. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మీ నాన్న చేలో ఏ తెగులు ఎక్కువ?" అని. మా అమ్మాయి ఎండు తెగులు గురించి చెప్పింది. అక్కడ శనగకి ఆస్కోకైటా అనే ఆకుమచ్చ తెగులు పెద్ద శత్రువంట. ఇద్దరూ తెగుళ్ళ గురించి అట్లా మాట్లాడుకుంటా పోయారు. చివర్లో ఆవిడ ఉన్నమాట చెప్పింది: కొత్త గ్రాంటు సంగతి ఇంకా తేలలేదు, వస్తే వచ్చే ఏడు సీటు, రాకపోతే లేదు.

అదే వారం ఇంకో పెద్ద పేరున్న యూనివర్సిటీ నుంచి థీసిస్ లేని కోర్సుకి అడ్మిషన్ వచ్చింది. ఫీజు మొత్తం మనమే కట్టుకోవాల. ముందు డిపాజిట్ కట్టడానికి నెల గడువు.

మా ఆవిడ అంటది, "చేతికొచ్చింది వదిలేసి గాల్లో ఉన్నదాని కోసం పిల్లని ఏడాది ఇంట్లో కూర్చోబెడతావా? ఇప్పటికే సంబంధాలు అడుగుతున్నారు." ఆమె భయం నాకు అర్థమవుద్ది. ఇరవై మూడేళ్ళ ఆడపిల్ల ఏడాది ఖాళీగా ఉంటే మన ఊళ్ళల్లో ఎన్ని మాటలు పుడతాయో తెలుసు. ఆ పెద్ద పేరు చెప్తే చుట్టాల్లో మర్యాద కూడా పెరుగుద్ది. రెండెకరాలు పోతయ్, అంతే గదా అంటది.

నేను ఆగుదామనే అన్నా. పదును లేని నేలలో విత్తితే ఏమవుద్దో మా ఇద్దరికీ తెలుసు. అక్టోబరులో వాన ఆలస్యమైతే పక్కవాడు విత్తాడని మనం విత్తం, పదును కోసం చూస్తాం. ఈ ఏడాది అమ్మాయి ఖాళీగా కూర్చోదు. గుంటూరు లాం ఫారంలో గానీ, పటాన్‌చెరులో గానీ తాత్కాలిక పని దొరుకుద్దేమో అడుగుతా ఉంది. ఆ అనుభవం రేపు ప్రొఫెసర్లకి రాసే ఉత్తరంలో రెండు లైన్లు పెంచుద్ది.

మీరు అడగొచ్చు, ఆవిడకి గ్రాంటు రాకపోతే ఏం చేస్తావని. మా ఆవిడా అదే అడిగింది. నా దగ్గర గట్టి జవాబు లేదు. ఇంకో పద్నాలుగు మందికి రాస్తది. అయినా రాకపోతే మన దేశంలోనే ఎమ్మెస్సీ చేసి, పీహెచ్‌డీకి పోతది. టొరంటో యూనివర్సిటీలో 2018 నుంచి చాలావరకు విదేశీ పీహెచ్‌డీ పిల్లల దగ్గర కూడా అక్కడి వాళ్ళ ఫీజే తీసుకుంటున్నారంట. దారులు ఒక్కటే కాదు. ఏ దారీ కుదరకపోయినా ఆరెకరాలూ ఉంటయ్, అమ్మాయి మా ముందు ఉంటది, అప్పు ఉండదు. కానీ పెద్ద పేరు కోసం రెండెకరాలు అమ్మి, అక్కడ తనకి కావాల్సిన పని దొరక్కపోతే, అది ఇంక వెనక్కి తిప్పుకోలేం.

ఇంకొకాయన అడిగాడు, మంచులో నేర్చుకున్న చదువు మన నల్లరేగడికి ఏం పనికొస్తది అని. రకం పనికిరాదు, నిజమే. వాళ్ళ శనగ ఇక్కడ వేస్తే ఎండకి నిలబడదేమో. కానీ తెగులుని తట్టుకునే లక్షణాన్ని ఎట్లా పట్టుకోవాలి, వెయ్యి మొక్కల్లో ఏ మొక్కని ఉంచాలి అనే విద్య ఎక్కడైనా అదే. మా ఎండు తెగులుకి ఆ విద్య కావాల. అమ్మాయి తిరిగి వస్తదా రాదా అని అడక్కండి. అది దాని ఇష్టం. వస్తే సంతోషం.

అమ్మాయి నిన్న అంది, "నాన్నా, నువ్వు ఆగుదామంటే అందరూ డబ్బుల్లేక అంటన్నావనుకుంటారు" అని. అనుకోనీ అన్నా. డబ్బుల్లేవు, అది కూడా నిజమే. దాన్ని దాచుకోవాల్సిన పనేం లేదు. డబ్బుల్లేనివాడే ముందు గైడ్‌ని వెతుక్కోవాల, డబ్బున్నవాడికి ఒక తప్పు చేసినా ఇంకో సంవత్సరం ఉంటది.

డిపాజిట్ గడువు ఇంకా పన్నెండు రోజులుంది. మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. మీలో ఎవరి పిల్లలైనా కెనడాలో థీసిస్ కోర్సు చేస్తా ఉంటే, గైడ్ ఎట్లా దొరికాడో, స్టైపెండ్‌తో నెల గడుస్తందో లేదో ఉన్నదున్నట్టు కింద రాయండి. ఆమెకి చదివి వినిపిస్తా. తప్పు నాదైతే అది కూడా చెప్పండి.

ఉంటానండి. పొద్దున్నే చేలోకి పోవాల, రెండ్రోజుల నుంచి పందులు పడతన్నాయి.